టికెట్ కొన్నవాళ్ల చిట్టా



ఇవాళ మనం స్మరించుకుంటున్న మాస్టారు ఈ గోదావరిఖనిలో పౌరశాస్త్రం చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే ఈ హాల్లో సగం మంది ఉన్నారు కాబట్టి ఆయన గురించి నేను కొత్తగా చెప్పగలిగింది తక్కువ. ఒక్క సంగతి మాత్రం ఈ పూట విషయానికి దగ్గరిది. ఎవరు ఏ ఫారం తెచ్చి నింపమన్నా ఆయన మొదట అడిగేది ఒకటే: "ఈ వివరం మీకెందుకు?" బ్యాంకువాళ్లనైనా, యూనియన్‌వాళ్లనైనా అలాగే అడిగేవారు. కోపంతో కాదు, తెలుసుకుందామనే. జవాబు సబబుగా ఉంటే రాసిచ్చేవారు. లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేసేవారు. ఆ ప్రశ్ననే ఇవాళ సినిమా టికెట్లు, కచేరీ టికెట్లు, క్రికెట్ టికెట్లు అమ్మే కంపెనీలను అడుగుదామని వచ్చాను.

స్మారకోపన్యాసానికి సినిమా టికెట్ తగిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. బొగ్గు బాయిల ఊళ్లో సినిమా చిన్న సంగతి కాదు. షిఫ్టంతా చీకట్లో పనిచేసి పైకొచ్చిన మనిషికి, భార్యాబిడ్డలతో కలిసి మూడు గంటలు కూర్చునే చోటు అదొక్కటే అయిన రోజులు ఇక్కడ చాలామందికి గుర్తే. హాలు ముందు నిలబడ్డ ఆ జనంలో ఎవరెవరున్నారో హాలు యజమానికి తెలిసేది కాదు. కౌంటర్ కంతలో చెయ్యి పెట్టి డబ్బులిస్తే పలుచటి రంగు కాగితం వచ్చేది. గేటు దగ్గర దాన్ని సగం చింపి లోపలికి పంపేవారు. ఆట అయ్యాక మేనేజర్ కూర్చుని డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ల పట్టీ, రాసేవాడు. ఏ ఆటకు ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయి, పన్ను ఎంత, డిస్ట్రిబ్యూటర్‌కు పోవాల్సింది ఎంత అన్నవన్నీ అందులో ఉండేవి. ప్రభుత్వానికి, పంపిణీదారుకు, హాలుకు కావలసిన లెక్క ఆ ఒక్క కాగితంతో తేలిపోయేది. అందులో ఒక్క ప్రేక్షకుడి పేరు కూడా ఉండేది కాదు.

ఆ రోజులు గొప్పవని నేననను. బ్లాక్ టికెట్లవాళ్ల ఆగడాలు చూశాం. ఆ లైన్లలో నిలబడలేక సినిమా మానుకున్న ఆడవాళ్లు ఎందరో. 2022 సెప్టెంబరులో కూడా, ఉప్పల్‌లో జరిగే భారత్–ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగి జనం దెబ్బలు తిన్నారు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో టికెట్ కొనగలగడం నిజమైన మేలు. దాన్ని వదులుకోమని చెప్పడానికి రాలేదు. హాలు నడవడానికి, పన్ను వసూలు కావడానికి ప్రేక్షకుడు ఎవరో తెలియనక్కర్లేదని మాత్రం ఆ పాత డీసీఆర్ రుజువు చేస్తోంది. ఇవాళ కంపెనీలు "ఇవి లేకపోతే టికెట్ ఇవ్వలేం" అంటూ అడుగుతున్న వివరాలను ఆ రుజువు పక్కన పెట్టి చూడాలి.

ఇప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుందాం. యాప్ తెరవగానే మనమున్న చోటు అడుగుతుంది. ఊరి పేరు మనమే ఎంచుకుంటే సరిపోయేదానికి ఫోన్‌లోని జీపీఎస్ అనుమతి కోరుతుంది. తర్వాత ఫోన్ నంబర్, దానికో ఓటీపీ. ఆపైన ఈమెయిల్. ఏ సినిమా పేజీ తెరిచాం, ట్రైలర్ ఎంతవరకు చూశాం, "ఇంట్రెస్టెడ్" అని నొక్కామా లేదా అన్నవి కూడా నమోదు చేసుకోవచ్చు. తర్వాత సీట్లు: రెండా, నాలుగా, ఆరా? ముందు వరుసలోనా, బాల్కనీ మూలనా? పాప్‌కార్న్ కలిపామా? చెల్లింపు యూపీఐలోనా, కార్డుతోనా? కార్డైతే ఏ బ్యాంకుది? మన చేతిలో ఉన్నది ఏ కంపెనీ ఫోన్? హాలు గేటు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ అయిన నిమిషం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్కొక్కటిగా చూస్తే ఇవన్నీ చిల్లర వివరాలే. ఒకే ఫోన్ నంబర్ కింద ఏళ్ల తరబడి పేరుస్తూ పోతే మాత్రం ఒక ఇంటి కథ తయారవుతుంది.

మన కాలనీల్లోని ఒక ఇల్లు ఊహించుకోండి. ఇంటాయనకు షిఫ్టులు మారుతుంటాయి. మొదటి షిఫ్ట్ వారంలో ఆయన ఫస్ట్ షోకు పోతాడు. రెండో షిఫ్ట్ వారంలో పోతే మార్నింగ్ షోకే. రాత్రి షిఫ్ట్ అయితే పొద్దున నిద్రపోయి లేచి మాట్నీకి వెళ్తాడు. ఏడాది టికెట్లు వరసగా పెడితే ఆయన షిఫ్టుల చార్టు దానంతటదే బయటపడుతుంది. రాత్రిపూట ఆ ఇంట్లో మగమనిషి ఏ వారం ఉండడో కూడా తెలిసిపోతుంది. వేసవి సెలవుల్లో నాలుగు టికెట్లు, జూన్ తర్వాత రెండే అంటే పిల్లలు హాస్టల్లో చేరారు. దసరా దగ్గర ఖరీదైన సీట్లు తీసుకుంటున్నారంటే ఆ నెల సింగరేణి బొగ్గు గనుల లాభాల్లో కార్మికుల వాటా చేతికందింది. ఏ కంపెనీ అయినా గోదావరిఖని ఇళ్లను ఇలా లెక్కగట్టిందని నేను ఆరోపించడం లేదు. లెక్కగట్టడానికి కావలసిన సరుకంతా వాళ్ల దగ్గర పేరుకుపోయి ఉందంటున్నాను. అది ఉన్నంతకాలం ఆ లెక్క రేపు ఇంకెవరైనా కట్టవచ్చు.

ఇంకో సంగతి. మన ఇళ్లలో ఒక్క నంబర్ మీదే నలుగురి అవసరాలూ గడుస్తాయి. గ్యాస్ బండ, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, సినిమా టికెట్ అన్నీ నాన్న నంబర్ మీదే. డిగ్రీ చదివే అమ్మాయి స్నేహితురాళ్లతో సినిమాకు పోతే, ఏ హాలు, ఏ ఆట, ఎన్ని సీట్లు అన్న మెసేజ్ వాట్సాప్‌లో నాన్న ఫోన్‌కు వస్తుంది. సినిమా అయ్యాక "ఎలా ఉంది, రేటింగ్ ఇవ్వండి" అని మరొకటి వస్తుంది. వ్యక్తిగత సమాచారం బయటపడటమంటే ఎక్కడో దూరదేశపు దొంగ చేతిలో పడటమే అనుకుంటాం. చాలామంది ఆడపిల్లలకు దాని దెబ్బ మొదట తగిలేది ఇంటి గుమ్మంలోనే. పెద్ద ఊళ్లలో డేటా గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి ఎత్తగా నేను పెద్దగా వినలేదు. అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను.

ఇక ఈ చిట్టాతో డబ్బు ఎలా వస్తుందో చూద్దాం. కంటికి కనిపించే ఆదాయం కన్వీనియన్స్ ఫీజు. దాన్ని మనం తిట్టుకుంటూ కడుతున్నాం. కనిపించని ఆదాయం వేరే ఉంది. కొత్త సినిమా నిర్మాతకు తన సినిమా చూసే అవకాశమున్నవాళ్ల ఫోన్లకే కబురు పంపాలని ఉంటుంది. ఒక బ్యాంకుకు తన కార్డు వాడేవాళ్ల చేత ఇంకా వాడించాలని ఉంటుంది. కూల్‌డ్రింక్ కంపెనీకి ఫలానా వయసు కుర్రాళ్లు కావాలి. టికెట్ కంపెనీ తన దగ్గరున్న మనుషులను గుంపులుగా విడదీసి, ఆ గుంపుల ముందు ప్రకటన పెట్టే హక్కును అమ్ముతుంది. ఇంకో దారీ ఉంది. ఏ వ్యాపార సంస్థ అయినా తన దగ్గరున్న ఫోన్ నంబర్లను సంకేతాలుగా మార్చి ఫేస్‌బుక్, గూగుల్ లాంటి ప్రకటనల సంస్థలకు ఇవ్వవచ్చు. అవి వాటిని తమ ఖాతాలతో సరిపోల్చి ఆ మనుషులనే పట్టుకుంటాయి. పైగా అచ్చం అలాంటివాళ్లే ఇంకెవరున్నారో కూడా వెతికిపెడతాయి. అందుకే "మేం మీ వివరాలు ఎవరికీ అమ్మం" అని ఒక కంపెనీ రాసుకుంటే ఆ మాట అక్షరాలా నిజమే కావచ్చు. వివరాలు దాని దగ్గరే ఉంటాయి. మన దగ్గరికి వచ్చే దారి మాత్రం అమ్ముడుపోతుంది. గోప్యతా విధానం పేజీ చదివేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి.

ఈ దారికి ధర ఎంతో అమెరికాలోని కచేరీల సంస్థ లైవ్ నేషన్ లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2010లో టికెట్లమ్మే టికెట్‌మాస్టర్‌తో కలిసిపోయిన ఆ సంస్థకు 2023లో ఒక్క స్పాన్సర్‌షిప్‌లు, ప్రకటనల మీదే 100 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది. అదే టికెట్‌మాస్టర్ 2019లో సేఫ్‌టిక్స్ అనే పద్ధతి తెచ్చింది. ఫోన్‌లోని బార్‌కోడ్ క్షణక్షణం మారుతుంటుంది కాబట్టి స్క్రీన్‌షాట్ పనికిరాదు. నకిలీ టికెట్లను ఆపడానికే అన్నారు, కొంతవరకు అదీ నిజమే. దాంతోపాటు మరొకటి జరిగింది. అంతకుముందు ఒకాయన నాలుగు టికెట్లు కొంటే కంపెనీకి తెలిసేది ఆయన ఒక్కరే. మిగిలిన ముగ్గురు ఎవరో తెలిసేది కాదు. ఇప్పుడు టికెట్‌ను పక్కవాడికి బదిలీ చేయాలంటే అతనూ యాప్ వేసుకోవాలి, తన వివరాలివ్వాలి. గేటు దాటిన ప్రతి మనిషీ చిట్టాకెక్కాడు. 2024 మే 23న లైవ్ నేషన్ మీద గుత్తాధిపత్యం కేసు వేసిన అమెరికా న్యాయశాఖ ఈ సేఫ్‌టిక్స్‌ను కూడా తప్పుపట్టింది.

కేసు వేసిన కొద్ది రోజులకే ఆ చిట్టా పగిలిన సంగతి బయటపడింది. షైనీహంటర్స్ అనే దొంగల ముఠా 56 కోట్ల మంది టికెట్‌మాస్టర్ కొనుగోలుదారుల వివరాలు తన దగ్గరున్నాయని, 5 లక్షల డాలర్లకు అమ్ముతానని ప్రకటించింది. ఆ అంకె దొంగలు చెప్పుకున్నది. బయటి క్లౌడ్ సంస్థ దగ్గరున్న తన డేటాలోకి ఎవరో చొరబడ్డారని మే 31న లైవ్ నేషన్ ఒప్పుకుంది. అంతకుముందు 2018లో బ్రిటన్‌లోనూ టికెట్‌మాస్టర్‌కు ఇలాగే జరిగింది. డబ్బు కట్టే పేజీలో కస్టమర్ల సందేహాలు తీర్చడానికి పెట్టిన బయటి కంపెనీ చాట్‌బాట్ గుండా దొంగలు లోపలికి వచ్చారు. యూరప్‌లో 94 లక్షల మంది వివరాలు ప్రమాదంలో పడ్డాయి. 2020 నవంబరులో అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 12.5 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. మనం ఒక కంపెనీని నమ్మి నంబర్ ఇస్తాం. ఆ కంపెనీ మనం పేరు కూడా వినని ఎందరినో నమ్మి దాన్ని వాళ్ల చేతుల్లో పెడుతుంది.

ఇది పరాయి దేశాల గోల అనుకోవద్దు. రామగుండం స్టేషన్‌లో రైలెక్కే మనందరికీ ఐఆర్‌సీటీసీ తెలుసు. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో రిజర్వేషన్‌తో కావాలంటే దాని గుండానే పోవాలి, మరో దారి లేదు. 2022 ఆగస్టులో ఆ ప్రభుత్వరంగ సంస్థ ఒక టెండర్ పిలిచింది. ప్రయాణికుల డేటాతో ఆదాయం ఎలా సంపాదించాలో చెప్పే సలహాదారు కావాలట. పెట్టుకున్న లక్ష్యం 1,000 కోట్ల రూపాయలు. పరిశీలించాల్సిన వివరాల పట్టికలో ప్రయాణికుడి పేరు, వయసు, ఫోన్ నంబర్, చిరునామా, ఈమెయిల్, ఏ తరగతిలో ప్రయాణం, డబ్బు ఎలా కట్టాడు అన్నవన్నీ ఉన్నాయి. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ నెలాఖరులోనే పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకొచ్చి టెండర్ ఉపసంహరించుకున్నామని సంస్థ చెప్పింది. మందికి తెలిసింది కాబట్టి ఆగింది. ప్రైవేటు కంపెనీ ఇలాంటి పనికి టెండర్ పిలవదు, పత్రికలో ప్రకటన వేయదు. అక్కడ గగ్గోలు పుట్టే అవకాశమే లేదు.

ఆ టెండర్‌కు ముందు నెలల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో సినిమా టికెట్ల పోరు నడిచింది. 2021 నవంబరులో అక్కడి ప్రభుత్వం సినిమాల నియంత్రణ చట్టాన్ని సవరించి, టికెట్ల ఆన్‌లైన్ అమ్మకాన్ని ప్రభుత్వ పోర్టల్ ద్వారా నడిపించాలనుకుంది. బాధ్యత చలనచిత్ర అభివృద్ధి సంస్థకు అప్పగించింది. 2022 జూన్‌లో జీవో 69 వచ్చింది. హాళ్లన్నీ ఆ సంస్థతో ఒప్పందం చేసుకోవాలన్నారు. ముంబయి టికెట్ కంపెనీ బుక్‌మైషో, మల్టీప్లెక్సుల సంఘం, హాళ్ల యజమానులు హైకోర్టుకు వెళ్తే జులై మొదట్లో కోర్టు ఆ జీవోను నిలిపివేసింది. నెలల తరబడి టీవీల్లో, పత్రికల్లో వాదించుకున్నారు. వసూళ్లు మొదట ఎవరి ఖాతాలో పడాలి, పన్ను ఎగవేత ఎలా ఆపాలి, టికెట్ ధర ఎవరు నిర్ణయించాలి? అన్నీ న్యాయమైన ప్రశ్నలే. కానీ నేను చదివినంతలో, విన్నంతలో, ఒక్క ప్రశ్న ఎవరి నోటా రాలేదు. కోట్లాదిమంది ప్రేక్షకుల్లో ఎవరు ఏ సినిమా చూశారన్న చిట్టా ప్రభుత్వం చేతిలో ఉండాలా, ముంబయి కంపెనీ చేతిలో ఉండాలా, అసలు ఎవరి చేతిలోనైనా ఉండాలా? మన రెండు రాష్ట్రాల్లో సినిమాకు, రాజకీయానికి ఉన్న చుట్టరికం తెలిసినవాళ్లు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేరు. ఏ హీరో సినిమా మొదటి రోజు చూశాడన్నదాన్ని బట్టి మనిషి ఏ పార్టీయో, కొన్నిచోట్ల ఏ కులమో అంచనా కట్టే సమాజం మనది.

అదే 2022 జూన్‌లో హైదరాబాద్‌కు చెందిన ఒక చిన్న టికెటింగ్ సంస్థ ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ బుక్‌మైషో మాతృసంస్థ బిగ్ ట్రీ మీద దర్యాప్తుకు ఆదేశించింది. హాళ్లతో ప్రత్యేక ఒప్పందాలు చేసుకుని పోటీ లేకుండా చేస్తోందన్నది ఆరోపణ. పోటీ లేనిచోట మన సమ్మతికి విలువేముంటుంది? "మా షరతులు నచ్చకపోతే వేరేచోట కొనుక్కోండి" అనాలంటే వేరేచోటు ఒకటి ఉండాలి కదా. ఇప్పుడు రెండో పెద్ద కంపెనీ వచ్చింది. 2024 ఆగస్టులో పేటీఎం తన సినిమా, కార్యక్రమాల టికెట్ల వ్యాపారాన్ని 2,048 కోట్ల రూపాయలకు జొమాటోకు అమ్మింది. నవంబరు నాటికి జొమాటో వారి టికెట్ల యాప్ డిస్ట్రిక్ట్ బయటికొచ్చింది. రాత్రి తిన్న బిర్యానీ, పొద్దున తెప్పించుకున్న పాలు, ఆదివారం చూసిన సినిమా ఒకే సంస్థ గొడుగు కింద చేరాయి. పోటీ పెరిగిందని సంతోషించవచ్చు, చిట్టా లావెక్కిందని కూడా గుర్తించాలి. కంపెనీ చేతులు మారితే వినియోగదారుల సమాచారం కొత్త యజమానికి పోతుందన్న వాక్యం చాలా గోప్యతా విధానాల్లో ఏదో ఒక మూల ఉంటుంది. అమ్మకం నాడు మనల్ని అడిగేవాళ్లుండరు.

సమ్మతి పేరుతో జరిగేదానికి మరో చిన్న ఉదాహరణ. బుక్‌మైషోలో టికెట్‌కు ఒక రూపాయి చొప్పున దానధర్మాల కింద బిల్లులో దానంతటదే కలిసేది. వద్దనుకుంటే మనమే తీసేయాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కలగజేసుకున్నాక అది మారింది. రూపాయి బిల్లులో కనిపించింది కాబట్టి ఎవరో ఒకరు అడిగారు. అదే పద్ధతిలో ముందే టిక్కు పెట్టిన గడి గుండా మన నంబర్ పోతే ఏ బిల్లులోనూ కనిపించదు. టికెట్ కొనకుండా దొంగచాటుగా చూస్తే ఈ బాధ లేదనుకునే కుర్రాళ్లకూ ఒక మాట. 2025 నవంబరులో పైరసీ సినిమాల సైటు ఐబొమ్మ నిర్వాహకుడిని పట్టుకున్న హైదరాబాద్ పోలీసులు, అతని దగ్గర 50 లక్షల మంది చూసేవాళ్ల సమాచారం ఉందని చెప్పారు.

వివరాలు సేకరించడమే పాపమని నేననడం లేదు. ఈ ఊళ్లో ఆ మాట అనలేం. బాయి దిగే ముందు ల్యాంప్ రూమ్ దగ్గర టోకెన్ ఇచ్చి క్యాప్ ల్యాంప్ తీసుకుంటారు. మస్టర్ పడుతుంది. పైకి వచ్చాక ల్యాంప్ తిరిగి ఇస్తారు. భూమి కింద ఏ క్షణాన ఎవరెవరున్నారో పేర్లతో సహా చెప్పగలిగే రిజిస్టర్ ఉండాలని 1952 గనుల చట్టం 48వ సెక్షన్‌లో రాశారు. ఎందుకు రాశారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న ఇక్కడి సెవెన్ ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అలాంటి రోజున ప్రతి ఇంటికీ కావలసింది ఆ పేర్ల జాబితా. ఆ రిజిస్టర్‌లో తన పేరు రాయించుకోవడానికి ఏ కార్మికుడూ వెనకాడడు. ఎందుకు రాస్తున్నారో తెలుసు. దానివల్ల కాపాడబడేది తన ప్రాణమేనని తెలుసు. ఆ రిజిస్టర్‌ను తీసుకెళ్లి ఒక ఫైనాన్స్ కంపెనీకి ఇచ్చి, "వీళ్లంతా ఫలానా షిఫ్టువాళ్లు, ఫలానా వేళ ఇంట్లో ఉండరు, లోన్ కావాలేమో అడగండి" అంటే ఊరుకుంటామా? గేటు దగ్గర ధర్నా చేస్తాం. మాస్టారి ప్రశ్నకు ల్యాంప్ రూమ్ దగ్గర సరైన జవాబుంది. టికెట్ యాప్‌లో చాలా గడులకు అది లేదు.

నేను ఈ మాటలు చెబుతుంటే ఒక యూనియన్ మిత్రుడు అడిగాడు: "మన వివరాలతో లాభం వస్తే అందులో మనకు వాటా అడగొచ్చు కదా?" సింగరేణి మనిషికి ఆ ఆలోచన రావడం సహజం. 2023–24 లాభాల్లో పెట్టుబడులకు పక్కన పెట్టింది పోను మిగిలినదానిలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. పోరాడి సాధించుకున్న హక్కది. కానీ అది చేసిన శ్రమకు వచ్చిన వాటా. మనం ఏ సినిమాకు ఎవరితో పోయామన్నది ఎవరికోసమూ చేసిన శ్రమ కాదు, మన బతుకు. దానికి వాటా పుచ్చుకుంటే అమ్మకానికి ఒప్పుకున్నట్టే. పది రూపాయల కూపన్ చేతిలో పెట్టి "మీ వాటా ఇచ్చేశాం" అంటారు, నిజానికి ఇప్పటికే అంటున్నారు. నేను వాటా అడగను. ఆట అయిపోయాక, డబ్బు వాపసు గడువు, పన్నుల లెక్కల గడువు దాటాక నా పేరు తుడిచేయమంటాను. ఎన్ని టికెట్లు తెగాయన్న లెక్క ఎంతకాలమైనా ఉంచుకోనివ్వండి.

చట్టం ఈ మాటను కొంతవరకు ఒప్పుకుంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ కేసు వేసింది జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కమిషన్ చైర్మన్‌గానూ ఉన్న పెద్దమనిషి. ఎనభై దాటిన వయసులో కేసు వేసి, గెలిచి, 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆ తీర్పు నీడలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అసలు బాధ్యతలన్నీ 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి.

అందులో మనకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. సేవకు అవసరమైనంత మేరకే సమ్మతి చెల్లుతుందని చట్టమే ఉదాహరణతో చెప్పింది. ఫోన్‌లో వైద్యం చేసే యాప్ మన కాంటాక్టుల జాబితా అడిగితే, మనం సరే అన్నా ఆ సమ్మతి వైద్యానికి కావలసిన వివరాల వరకే. అలాగే చూస్తే, సీటు ఇవ్వడానికని తీసుకున్న సమ్మతి పేరుతో అందుకు అక్కర్లేనిదేదీ టికెట్ కంపెనీ తీసుకోవడానికి వీల్లేదు. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోవచ్చు. మన గురించి ఏం దాచారో అడగవచ్చు, తుడిచేయమనవచ్చు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల కదలికలు గమనించి వాళ్లకు ప్రకటనలు గురిపెట్టడం నిషేధం. డేటా పోతే ఆలస్యం చేయకుండా మనకు చెప్పాలి. సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లిష్‌లోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో కావాలన్నా ఇవ్వాలి. అంటే తెలుగులో అడిగే హక్కు మనకుంది.

లోపాలు కూడా చెప్పాలి. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు కానీ ఆ డబ్బు భారత సంచిత నిధికి పోతుంది. నష్టపోయిన మనిషికి పైసా రాదు. ఐటీ చట్టంలో పరిహారం కోరే 43ఏ సెక్షన్ ఒకటుంది. 2027 మేలో ఈ చట్టం దాన్నీ ఎత్తేస్తుంది. ఆ తర్వాత ఫోన్ నంబర్ పోయి, దాంతో మోసపోయి, రిటైర్మెంట్ డబ్బు పోగొట్టుకున్న కార్మికుడికి దక్కేది సైబర్ నేరాల సహాయ నంబర్ 1930కి ఫోన్ చేసి ఎదురుచూడటమే. పైగా ప్రభుత్వం తన సంస్థలకు తాను మినహాయింపు ఇచ్చుకునే వీలుంచుకుంది. ఐఆర్‌సీటీసీ టెండర్ గుర్తున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. నా ఉద్దేశంలో ఈ రెండూ చట్టంలో పెద్ద తప్పులు. దిద్దించే దాకా మన పార్లమెంటు సభ్యుణ్ని అడుగుతూనే ఉండాలి.

ఆలోగా ఈ ఊళ్లో మనం చేసుకోగలిగినవి ఉన్నాయి. హాళ్ల యజమానులకు నా విన్నపం: కౌంటర్ మూసేయకండి. నగదు ఇచ్చి, నంబర్ ఇవ్వకుండా టికెట్ కొనే కిటికీ ఒక్కటైనా ప్రతి ఆటకూ తెరిచి ఉంచండి. మీ ప్రేక్షకులు ఎవరో మీకంటే ఎక్కువగా ముంబయి కంపెనీకి తెలియడం మీ వ్యాపారానికీ మంచిది కాదు. స్టేడియంలో ఉత్సవాలు, పాటల కచేరీలు జరిపే సంఘాలకు, యూనియన్లకు ఒక మాట: పాసులు ఇచ్చేటప్పుడు ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు పోగు చేయకండి. తప్పనిసరై తీసుకుంటే కార్యక్రమం ముగిసిన వారంలోపు అందరి ఎదుటా చింపేయండి. కుర్రాళ్లు ఇవాళే ఫోన్ తీసి టికెట్ యాప్‌లకు ఇచ్చిన లొకేషన్ అనుమతి తీసేయండి. అమ్మానాన్నల ఫోన్లలో కూడా ఆ పని మీరే చేసిపెట్టండి.

చివరగా కాలేజీ పిల్లలను ఒకటి కోరుతున్నాను. 2027 మే రాగానే, మీరు వాడే ప్రతి టికెట్ కంపెనీకి తెలుగులో ఉత్తరం రాయండి. నా గురించి ఏం దాచారు, ఎవరెవరికి ఇచ్చారు, నాకు అక్కర్లేనిదంతా తుడిచేయండి, మీ నోటీసు నాకు తెలుగులో పంపండి అని అడగండి. జవాబు రాకపోతే మొదట ఆ కంపెనీకే ఫిర్యాదు ఇచ్చి, అప్పటికీ తేలకపోతే డేటా రక్షణ బోర్డుకు ఫిర్యాదు చేయండి. ఉత్తరం నమూనా రాసిపెట్టే పని నాకు వదిలేయండి. మాస్టారి పేరున నడుస్తున్న పఠనాలయంలో ఆ ప్రతులు ఉంటాయి, ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు.